మందు

వారాసిగూడలో మా గల్లీ కుక్క పేరు తునక.
మున్సిపాలిటీ వాళ్లు ఆపరేషన్ చేసి వదిలిపెట్టినప్పుడు
గుర్తుకని ఎడమ చెవి కొస కోశారు.
పోయిన తునకే పేరై మిగిలింది.

నల్లా వచ్చే రోజు. ఐదున్నర.
బిందెల వరసలో నాది మూడోది.
ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్క నుంచి తునక లేచింది,
వెనక కాళ్లు ఎవరి దగ్గరో బదులు తెచ్చుకున్నట్టు
నాలుగడుగులు వేసి గోడకు ఒరిగింది.
"నిద్రమబ్బు" అంది సత్తెమ్మత్త.

మబ్బు కాదు.
నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ, ఆగదు.
తొడ మీద చర్మం కింద చీమలబారు నడుస్తున్నట్టు
అదురు.
బిందె వదిలేసి వంగి చూశాను.
ఆ మసక వెలుతురులో పెద్దవి కావలసిన కనుపాపలు
ఆవగింజలంత.

ఆ ఆవగింజలు నాకు తెలుసు.
పరకాల దగ్గర కౌలు చేనులో
గాలికి ఎదురు నిలబడి పత్తికి మందు కొట్టి వచ్చిన మా బాపు కళ్లవి.
ఆ రాత్రి అందరం తలో చెయ్యి వేశాం.
సబ్బు నీళ్లు ఒకరు, చింతపండు పులుసు ఒకరు.
సగం కడుపులోకి, సగం ఊపిరిలోకి.
మందు తన పని సగమే చేసిందట,
పెద్దాసుపత్రిలో చెప్పారు,
మిగతా సగం మా చేతులది.

మా భాషలో మందు అన్న మాటకు సిగ్గు లేదు.
జ్వరానికి మింగేదీ అదే, చేనుకు కొట్టేదీ అదే,
సాయంత్రం సీసాలో దొరికేదీ,
దీపావళికి చిచ్చుబుడ్డిలో కూరేదీ,
గిట్టని ప్రాణికి కూరలో కలిపేదీ.

"పాలు పొయ్యి బిడ్డా, ఇరుగుడైతది."
"ఉప్పునీళ్లు పోసి కక్కియ్యి."
వద్దన్నాను. అరిచినట్టే అన్నాను.
అదిరే గొంతులో ఏదీ పోయొద్దు,
అత్తా, గ్లాసు అవతల పెట్టు.

స్కూటర్ల మధ్య దొరికింది నల్ల కవరు.
కోడి పేగులు, వాటిలో ఉప్పుగల్లంత గుళికలు,
చెడిన వెల్లుల్లి వాసన.
చేతికి పాలప్యాకెట్ తొడుక్కుని
కవరును కవరులో, దాన్ని ఇంకో కవరులో చుట్టాను.
బ్లౌజు ముక్కల గోనెసంచి నేల మీద బోర్లించి
దాని మీద తునకను ఒక పక్కకు పడుకోబెట్టాం,
మూతి కిందికి, చొంగ బయటికి పోయేలా.
జహంగీర్ భాయ్ బడిపిల్లల ఆటో,
వెనక ఇంకా వేలాడుతున్న ఎవరిదో వాటర్ బాటిల్.
జామై ఉస్మానియా దగ్గర ఒళ్లంతా కొయ్యబారింది.
పట్టుకోలేదు. నోట్లో వేలు పెట్టలేదు.
తల సీటు రాడ్‌కు తగలకుండా నా చీరకొంగు అడ్డం పెట్టాను,
అంతే చేయగలిగింది.

నల్లకుంటలో షట్టర్ బాదితే
నోట్లో బ్రష్షుతోనే దిగివచ్చింది డాక్టరమ్మ.
"ఏం తిన్నది? ఎప్పుడు?"
కవరు బల్ల మీద పెట్టాను.
వాసన చూడకుండానే సిరంజి అందుకుంది.
"ఇది తెచ్చినవ్ చూడు, నాకు గంట మిగిల్చినవ్."
ఒక సూది. కాసేపటికి ఇంకోటి.
చొంగ ఆరేదాకా, అంది, లెక్క అదే.
గోడగడియారం కింద కూర్చుని
ఒక కుక్క నోరు ఎండిపోవాలని
మొక్కుకున్నాను.

పదింటికి తోక కొస కదిలింది.
ఆ పదింటికే
గల్లీ చివర మోరీలో రెండు పిల్లులు తేలాయని
ఫోను.

ఎవరు పెట్టారో తెలియదు.
రాత్రి మొరుగుడుకు నిద్ర లేదని
మూడో నంబరు ఇంటాయన నెల నుంచి అంటున్నాడు.
అన్నవాడే చేశాడని ఏముంది.
ఆయన ప్యాంటు నా మిషను మీదే ఉంది,
నడుము అరంగుళం వదులు చేయాలి.
చేశాను. కుట్టు సరిగ్గానే పడింది.
డబ్బులిస్తూ ఆయన
"కుక్క బతికిందట గదా" అన్నాడు,
నేను చిల్లర లెక్కపెడుతున్నాను.

తునక ఇప్పుడు ఎవరి చేతిలోదీ ముట్టదు.
రొట్టె వేస్తే దూరం నుంచి నన్ను చూస్తుంది.
నేనొక తునక కొరికి, నమిలి,
మింగి,
నోరు తెరిచి చూపిస్తే
అప్పుడొస్తుంది.